సెషన్ కుకీలు: వెబ్ సర్వీస్ క్లయింట్లలో తలెత్తే లోపాలు, వాటి నిర్ధారణ

సెషన్ కుకీ అంటే సర్వరు తన రెస్పాన్సులోని సెట్-కుకీ హెడరు ద్వారా క్లయింటుకు ఇచ్చే గుర్తు. తరవాత పంపే ప్రతి రిక్వెస్టులోనూ క్లయింటు ఆ గుర్తును కుకీ హెడరులో పెట్టి తిరిగి చూపాలి. అప్పుడే, కాసేపటి క్రితం లాగిన్ అయినది ఈ క్లయింటేనని సర్వరు పోల్చుకుంటుంది. చెప్పుల స్టాండులో ఇచ్చే టోకెను లాంటిదే ఇది: చేతిలో ఉండేది నంబరు, చెప్పులు ఉండేది అరలో. లాగిన్ అయిన వ్యక్తి ఎవరు, అతని హక్కులేమిటి, సగంలో ఉన్న పని ఏది అన్న వివరాలన్నీ సర్వరు దగ్గరే ఉంటాయి.

బ్రౌజరులో ఈ ఇచ్చిపుచ్చుకోవడం వాడేవారికి తెలియకుండానే సాగిపోతుంది. ఒక ప్రోగ్రాము మరో ప్రోగ్రాముతో మాట్లాడే వెబ్ సర్వీసుల్లో మాత్రం కుకీని దాచి తిరిగి పంపే పూచీ క్లయింటు కోడు రాసినవారిది. చాలా లైబ్రరీలు అడగనిదే ఆ పని చేయవు. హైదరాబాదులో కూర్చున్నా డల్లాస్‌లో కూర్చున్నా పాత సర్వీసుల నిర్వహణ చూసే బృందాలకు "లాగిన్ అవుతోంది, సెషన్ నిలబడట్లేదు" అన్న ఫిర్యాదు కొత్తేమీ కాదు. అది రాగానే అందరి చూపూ సర్వరు మీదికి పోతుంది. మొదట చూడాల్సింది క్లయింటును.

నేపథ్యం

హెచ్‌టీటీపీ పద్ధతిలో ప్రతి రిక్వెస్టూ దేనికదే. ముందు జరిగినదాన్ని గుర్తుపెట్టుకునే ఏర్పాటు అందులో లేదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థ ఎంసీఐ అనే ఖాతాదారు కోసం ఆన్‌లైన్ కొనుగోళ్ల ఏర్పాటు రూపొందిస్తున్నప్పుడు, కొనుగోలు పూర్తికాకముందు వివరాలను తన సర్వర్లలో ఉంచుకోవడం ఎంసీఐకి ఇష్టంలేకపోయింది. దానికి మార్గంగా నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లి కుకీని రూపొందించాడు. తొలి నిర్దేశాన్ని అతను జాన్ జియానాండ్రియాతో కలిసి రాశాడు. ఆ ఏడాది అక్టోబరులో వచ్చిన నెట్‌స్కేప్ బీటా కూర్పులోనే కుకీలు ఉన్నాయి.

ప్రామాణీకరణ మాత్రం వంకరటింకరగా నడిచింది. 1997 ఫిబ్రవరిలో ఆర్‌ఎఫ్‌సీ 2109, 2000 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 2965 వెలువడ్డాయి. రెండోది సెట్-కుకీ2 అనే కొత్త హెడరును ప్రతిపాదించింది. ప్రధాన బ్రౌజర్లు దాన్ని పట్టించుకోలేదు. చివరికి 2011 ఏప్రిల్‌లో ఆడమ్ బార్త్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 6265, బ్రౌజర్లు అప్పటికే ఎలా నడుస్తున్నాయో దాన్నే నియమంగా రాసిపెట్టింది. ఇది వట్టి చరిత్ర కాదు. 2011కు ముందు తయారైన క్లయింటు లైబ్రరీల్లో కొన్ని పాత నియమాలను అక్షరాలా పాటించాయి. బ్రౌజరు నిక్షేపంగా తీసుకునే కుకీని అవి తిరస్కరించేవి. అలాంటి లైబ్రరీల మీద నిలబడిన కోడు ఈనాటికీ నడుస్తోంది.

వెబ్ సర్వీసుల వైపు పెద్దలు కుకీలను మొదటినుంచీ అనుమానంగానే చూశారు. 2004లో వచ్చిన డబ్ల్యూఎస్-ఐ బేసిక్ ప్రొఫైల్ 1.0 ప్రకారం సోప్ సర్వీసు కుకీలు వాడుకోవచ్చు గాని, క్లయింటు వాటిని తిరిగి పంపితే తప్ప పని జరగదనే పరిస్థితి రాకుండా చూసుకోవాలి. రెస్ట్ శైలిని ప్రతిపాదించిన రాయ్ ఫీల్డింగ్ కూడా 2000లో తన సిద్ధాంత వ్యాసంలో కుకీలు ఆ శైలికి పొసగవని విమర్శించాడు. ఆచరణ వేరే దారిన పోయింది. వీఎంవేర్ వీస్ఫియర్ సోప్ సర్వీసులో లాగిన్ అయితే వీఎంవేర్_సోప్_సెషన్ అనే కుకీ వస్తుంది. దాన్ని తిరిగి పంపకపోతే ఆ తరవాతి పిలుపు సాగదు. శాప్ బిజినెస్ వన్ సర్వీస్ లేయరుదీ అదే పద్ధతి. లాగిన్‌తో బీ1సెషన్, రూట్ఐడీ అనే రెండు కుకీలు ఇస్తుంది. రెండోది లోడ్ బ్యాలెన్సరు కోసం: ఈ క్లయింటు సెషన్ ఏ నోడులో ఉందో అది చెబుతుంది. పేరులో సెషన్ అని ఉంది కదా అని మొదటిదాన్ని మాత్రమే పంపే క్లయింటు ఒక్క నోడు ఉన్న పరీక్ష సర్వరులో చక్కగా నడిచి, నాలుగు నోడులున్న చోట కొన్నిసార్లు పనిచేసి కొన్నిసార్లు విఫలమవుతుంది.

రెస్పాన్సులో ఏం వస్తుంది

సెట్-కుకీ హెడరులో మొదట పేరు=విలువ జంట ఉంటుంది. ఆ తరవాత సెమికోలన్లతో విడదీసిన లక్షణాలు వస్తాయి: డొమైన్, పాత్, ఎక్స్‌పైర్స్, మ్యాక్స్-ఏజ్, సెక్యూర్, హెచ్‌టీటీపీఓన్లీ, సేమ్‌సైట్. ఎక్స్‌పైర్స్, మ్యాక్స్-ఏజ్ రెండూ లేకపోతే అది సెషన్ కుకీ. క్లయింటు సెషన్ ముగియగానే పోతుంది. ఆ సెషన్ ఎప్పుడు ముగిసినట్టో ప్రమాణం చెప్పదు, క్లయింటుకే వదిలేసింది. బ్రౌజరులో అయితే దాన్ని మూసేసినప్పుడు అనుకోవచ్చు. సర్వీసు క్లయింటులో అది ఆబ్జెక్టు మెమరీలోంచి పోయినప్పుడో, ప్రాసెస్ ఆగినప్పుడో జరుగుతుంది.

అందువల్ల వచ్చే చిక్కు ఒకటి పైథాన్‌లో ఉంది. అక్కడి మొజిల్లాకుకీజార్‌తో కుకీలను ఫైలులో దాచవచ్చు. అయితే సేవ్ చేసేటప్పుడు ఇగ్నోర్_డిస్కార్డ్ అనే ఆప్షన్‌ను ట్రూ చేయకపోతే సెషన్ కుకీలు ఫైలులోకి ఎక్కవు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. ఫైలు తయారవుతుంది, కావలసిన ఒక్క కుకీ తప్ప అన్నీ అందులో ఉంటాయి.

క్లయింటు తిరిగి పంపాల్సింది పేరు=విలువ జంటను మాత్రమే. సెట్-కుకీలో వచ్చిన వాక్యమంతా కాపీ చేసి, పాత్, హెచ్‌టీటీపీఓన్లీ లాంటివాటితో సహా కుకీ హెడరులో అతికించే కోడు తరచుగా కనిపిస్తుంది. కొన్ని సర్వర్లు దాన్ని చూసీచూడనట్టు వదిలేస్తాయి, కొన్ని పాత్ అనే పేరుగల మరో కుకీ వచ్చిందనుకుంటాయి. విలువలో = గుర్తు ఉంటే మరో బాధ. బేస్64లో రాసిన విలువల చివర అది మామూలే. హెడరును = దగ్గర గుడ్డిగా ముక్కలు చేసే కోడు ఆ చివరి భాగాన్ని పోగొడుతుంది.

హెచ్‌టీటీపీఓన్లీ ఉంది కాబట్టే తమ ప్రోగ్రాముకు కుకీ అందడం లేదని చాలామంది అనుకుంటారు. ఆ లక్షణం బ్రౌజరులో నడిచే జావాస్క్రిప్టుకు కుకీ కనిపించకుండా చేయడానికి 2002లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 సర్వీస్ ప్యాక్ 1తో వచ్చింది. జావా, డాట్‌నెట్, పైథాన్ క్లయింట్లకు దానితో సంబంధం లేదు.

కుకీ జార్ లేని క్లయింట్లు

వచ్చిన కుకీలను దాచి, ఏది ఎక్కడికి పంపాలో చూసుకునే భాగాన్ని కుకీ జార్ అంటారు. ఏ లైబ్రరీలో అది పుట్టుకతో ఉంది, ఏ లైబ్రరీలో మనం పెట్టుకోవాలి అన్నది తెలిస్తే సగం లోపాలు అక్కడే తేలిపోతాయి.

జావా ప్రపంచంలో సోప్ క్లయింట్లకు ఆధారమైన జాక్స్-డబ్ల్యూఎస్‌లో సెషన్ నిలబెట్టుకోవాలంటే బైండింగ్‌ప్రొవైడర్‌లోని సెషన్_మెయింటెయిన్_ప్రాపర్టీని ట్రూ చేయాలి. డిఫాల్టుగా అది ఫాల్స్. పాత యాక్సిస్‌లో సెట్‌మెయింటెయిన్‌సెషన్, యాక్సిస్2లో సెట్‌మేనేజ్‌సెషన్ అదే పని చేస్తాయి. ఆ ప్రాపర్టీ పెట్టాక కూడా ఒక మెలిక మిగులుతుంది: జార్ ఆ ప్రాపర్టీ పెట్టిన పోర్టు ఆబ్జెక్టుకే పరిమితం. లాగిన్ ఒక డబ్ల్యూఎస్‌డీఎల్‌లో, అసలు పని మరో డబ్ల్యూఎస్‌డీఎల్‌లో ఉంటే, లాగిన్ పోర్టుకు వచ్చిన కుకీ రెండో పోర్టుకు చేరదు. అప్పుడు మొదటి పోర్టు రెస్పాన్స్ కాంటెక్స్టులోని హెడర్లలోంచి కుకీని తీసి, రెండో పోర్టు రిక్వెస్ట్ కాంటెక్స్టులో చేతితో పెట్టాలి.

మామూలు హెచ్‌టీటీపీ పిలుపులకు వాడే హెచ్‌టీటీపీయూఆర్‌ఎల్‌కనెక్షన్ కూడా కుకీలను తనంతట తాను దాచదు. కుకీహ్యాండ్లర్.సెట్‌డిఫాల్ట్ అని ఒక్క వాక్యం రాస్తే సమస్య తీరుతుందని సలహా ఇస్తుంటారు. తీరుతుంది కూడా, ఒంటరి ప్రోగ్రాము అయితే. ఆ అమరిక జావా ప్రాసెస్ మొత్తానికి వర్తిస్తుంది. ఒకే అప్లికేషన్ సర్వరులో వందమంది వినియోగదారుల తరఫున పిలుపులు వెళ్తుంటే అందరి కుకీలూ ఒకే జార్‌లో పడతాయి. ఒకరి ఖాతా వివరాలు మరొకరి తెర మీద కనిపించే ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. సెషన్ అసలు నిలబడకపోవడం కంటే వేరొకరి సెషన్ నిలబడటం ఎన్నో రెట్లు ప్రమాదకరం. పైగా ఒక్కరే కూర్చుని పరీక్షించేటప్పుడు అది బయటపడదు. జావా 11లో వచ్చిన కొత్త హెచ్‌టీటీపీక్లయింట్‌కు కుకీ హ్యాండ్లరును విడిగా ఇవ్వవచ్చు, ఇవ్వకపోతే ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లలో విరివిగా వాడే ఓకేహెచ్‌టీటీపీ కూడా డిఫాల్టుగా కుకీలను పట్టించుకోదు.

డాట్‌నెట్‌లో కథ ఇంకాస్త చిత్రంగా ఉంటుంది. హెచ్‌టీటీపీవెబ్‌రిక్వెస్ట్‌కు కుకీకంటైనర్ అనే ప్రాపర్టీ ఉంది, మొదట్లో అది ఖాళీ. ఖాళీగా వదిలేస్తే రెస్పాన్సులోని కుకీస్ జాబితా కూడా ఖాళీగానే కనిపిస్తుంది. సర్వరు కుకీ పంపలేదని ప్రోగ్రామరు తేల్చేస్తాడు. అదే రెస్పాన్సులో హెడర్ల జాబితా తెరిచి చూస్తే సెట్-కుకీ అక్కడే ఉంటుంది. ఏఎస్‌ఎంఎక్స్ సర్వీసుల ప్రాక్సీ క్లాసులకూ కంటైనర్‌ను మనమే ఇవ్వాలి. సర్వరు వైపు వెబ్‌మెథడ్‌కు ఎనేబుల్‌సెషన్ కూడా ట్రూ అయి ఉండాలి. రెండింటిలో ఏది లేకపోయినా లక్షణం ఒకటే కాబట్టి ఒకటి సరిచేసి, ఫలితం రాలేదని దాన్ని వెనక్కి తిప్పి, రెండోది సరిచేసేవారు ఎప్పటికీ గట్టెక్కరు. ఇంకొందరు ప్రతి పిలుపుకు ముందూ కొత్త కంటైనర్‌ను సృష్టిస్తారు. కోడు చూడటానికి సవ్యంగానే ఉంటుంది, కుకీ మాత్రం ఒక్క పిలుపుకు మించి బతకదు.

డబ్ల్యూసీఎఫ్‌లో బైండింగ్ మీద అలవ్‌కుకీస్ ట్రూ చేయాలి. అది ట్రూగా ఉండగా కుకీ హెడరును చేత్తో పెట్టబోతే మన హెడరు లెక్కలోకి రాదు; చేత్తో పెట్టాలనుకుంటే దాన్ని ఫాల్స్‌గానే ఉంచాలి. కొత్త డాట్‌నెట్‌లోని హెచ్‌టీటీపీక్లయింట్ కుకీలను డిఫాల్టుగా దాచుకుంటుంది. అయితే ఐహెచ్‌టీటీపీక్లయింట్‌ఫ్యాక్టరీ ద్వారా క్లయింట్లను తీసుకుంటే లోపలి హ్యాండ్లర్లు పూలులో ఉండి పంచుకోబడతాయి, వాటితోపాటు కుకీలూ. డిఫాల్టుగా 2 నిమిషాలకు హ్యాండ్లరు గడువు తీరి, కొత్తది వస్తుంది; పాత కుకీలు పాత హ్యాండ్లరుతోపాటే పోతాయి. "లాగిన్ అయ్యాక రెండు నిమిషాలు బాగానే ఉంటుంది" అని ఎవరైనా చెబితే సర్వరు టైమవుట్ వెతకనక్కర్లేదు, దీన్ని చూడాలి. కుకీల మీద ఆధారపడే పనికి ఈ ఫ్యాక్టరీ తగదని మైక్రోసాఫ్ట్ పత్రాలే హెచ్చరిస్తాయి.

పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో సెషన్ ఆబ్జెక్టు వాడితే జార్ దొరుకుతుంది. అక్కడ తికమక పెట్టేది రెస్పాన్స్ ఆబ్జెక్టులోని కుకీలు: అందులో చివరి రెస్పాన్సుకు వచ్చినవే ఉంటాయి. లాగిన్ పేజీ 302తో మరో చోటికి మళ్లిస్తే కుకీ వచ్చేది ఆ 302 రెస్పాన్సుతో, మన చేతికొచ్చేది దాని తరవాతిది. కుకీ కావాలంటే రెస్పాన్సు హిస్టరీలోనో, సెషన్ జార్‌లోనో చూడాలి. పీహెచ్‌పీ సోప్‌క్లయింట్ ఆ ఆబ్జెక్టు ఉన్నంతవరకు కుకీలను తానే గుర్తుంచుకుంటుంది. అడుగడుగునా కొత్త ఆబ్జెక్టు చేస్తే ఆ మేలు దక్కదు. కర్ల్‌లో కుకీ ఫైలో, కుకీ జారో పేర్కొంటేనే కుకీ ఇంజను మేల్కొంటుంది.

సోప్‌యూఐ, పోస్ట్‌మ్యాన్ లాంటి పరీక్ష సాధనాలు అనుకోకుండా దారి తప్పిస్తాయి. పోస్ట్‌మ్యాన్‌కు సొంత జార్ ఉంది. సోప్‌యూఐలో టెస్ట్‌కేస్ ఆప్షన్లలో హెచ్‌టీటీపీ సెషన్ నిలబెట్టమనే గడి ఉంది. అక్కడ పనిచేసింది కాబట్టి సర్వీసు సరిగ్గానే ఉందనుకోవడం న్యాయమే. అదే పని తమ కోడు కూడా చేస్తోందనుకోవడమే తొందరపాటు.

నిర్ధారణ

ఊహలు ఆపి, తీగ మీద నిజంగా ఏం ప్రయాణించిందో చూడటంతో నిర్ధారణ మొదలవుతుంది. ఫిడ్లర్, చార్లెస్, ఎంఐటీఎంప్రాక్సీ లాంటివి హెచ్‌టీటీపీఎస్‌ను కూడా విప్పి చూపుతాయి. వాటి సర్టిఫికెట్‌ను క్లయింటు నమ్మేలా చేయాలి. జావాకు సొంత ట్రస్ట్‌స్టోర్ ఉంటుంది గనుక విండోస్‌లో ఒక్కచోట పెడితే చాలదు. వైర్‌షార్క్‌తో అయితే గుప్తీకరణ తాళాలు లేకుండా హెడర్లు కనిపించవు. ప్రాక్సీ పెట్టే వీల్లేని సర్వర్లలో లైబ్రరీ సొంత లాగింగ్‌ను హెడర్ల స్థాయికి పెంచడమే దారి.

పట్టుకోవాల్సింది వరసగా జరిగిన రెండు పిలుపులు: లాగిన్, దాని వెంటనే వచ్చే పని పిలుపు. లాగిన్ రెస్పాన్సులో అసలు సెట్-కుకీ ఉందా? లేకపోతే ఆ సర్వీసు సెషన్‌ను కుకీతో నడపడం లేదేమో. ఉదాహరణకు సేల్స్‌ఫోర్స్ సోప్ సర్వీసు సెషన్ ఐడీని రెస్పాన్స్ బాడీలో ఇస్తుంది, దాన్ని సోప్ హెడరులో తిరిగి పెట్టాలి. లేదా లాగిన్ విఫలమై, 200 స్టేటస్‌తోనే ఎర్రర్ సందేశం వచ్చి ఉంటుంది.

సెట్-కుకీ ఉండి, రెండో రిక్వెస్టులో కుకీ హెడరు లేకపోతే లోపం క్లయింటుది. జార్ లేదు, లేదా జార్ ఆ కుకీని తిరస్కరించింది, లేదా దాచుకుని కూడా ఈ చిరునామాకు చెందదని ఆపేసింది.

అసలైన ఆనవాలు రెండో రెస్పాన్సులో ఉంటుంది. క్లయింటు కుకీ పంపినా సర్వరు మళ్లీ కొత్త సెట్-కుకీ ఇచ్చి, అందులో వేరే ఐడీ ఉంటే, పాత ఐడీని అది గుర్తుపట్టలేదన్నమాట: గడువు తీరింది, సర్వరు రీస్టార్ట్ అయింది, రిక్వెస్టు వేరే నోడుకు వెళ్లింది, లేదా దారిలో విలువ చెడింది. దీనికి ఏఎస్‌పీ డాట్‌నెట్‌లో ఒక మినహాయింపు ఉంది. సెషన్‌లో ఏదైనా దాచేవరకు అది ప్రతి రిక్వెస్టుకూ కొత్త ఐడీ ఇస్తూ పోవచ్చు. ఖాళీ సెషన్‌తో పరీక్షించి ఐడీ మారిపోతోందని కంగారుపడే ముందు, సెషన్‌లో ఒక విలువ పెట్టి చూడాలి. ఇక కుకీ వెళ్లి, కొత్త కుకీ రాకుండానే 403 వచ్చిందంటే సెషన్ బతికే ఉందన్నమాట; హక్కుల దగ్గర వెతకాలి.

సోప్ క్లయింట్లలో ఇదే లోపం మరో వేషంలో కూడా వస్తుంది. సెషన్ లేని రిక్వెస్టును సర్వరు లాగిన్ పేజీకి మళ్లిస్తుంది, క్లయింటు ఆ మళ్లింపును తనే అనుసరిస్తుంది, ఎక్స్‌ఎంఎల్ రావాల్సిన చోట హెచ్‌టీఎంఎల్ వస్తుంది. కంటెంట్ టైపు కలవలేదని డబ్ల్యూసీఎఫ్ ఫిర్యాదు చేస్తుంది. ఆ ఎర్రరును పట్టుకుని బైండింగ్, ఎన్‌కోడింగ్ అమరికలు మార్చుకుంటూ పోతే దొరికేదేమీ లేదు. ఆటో-రిడైరెక్ట్‌ను ఆపేసి చూస్తే 302 బయటపడుతుంది.

శాప్ గేట్‌వే ఓడేటా సర్వీసుల్లో వచ్చే తికమక ఈ కోవలో ప్రసిద్ధమైనది. డేటా మార్చే రిక్వెస్టుకు ముందు, ఎక్స్-సీఎస్‌ఆర్‌ఎఫ్-టోకెన్ హెడరులో ఫెచ్ అని పంపి ఒక టోకెన్ తెచ్చుకోవాలి. తెచ్చుకుని, పోస్ట్ రిక్వెస్టులో అక్షరం పొల్లుపోకుండా పెట్టినా 403తో సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ చెల్లలేదనే జవాబు వస్తుంటుంది. టోకెన్ తప్పు కాదు. అది టోకెన్‌తోపాటు వచ్చిన శాప్_సెషన్ఐడీ కుకీతో ముడిపడి ఉంటుంది. ఆ కుకీ తిరిగి రాకపోతే సర్వరు దృష్టిలో ఇది మరో కొత్త సెషన్, దానికి ఆ టోకెన్ చెందదు. ఎర్రరు చెప్పేది ఒకటి, లోపం ఉన్నది మరొకచోట.

కుకీ ఎక్కడికి చెందుతుంది

జార్‌లో ఉన్న కుకీ బయలుదేరాలంటే డొమైన్, పాత్, సెక్యూర్, గడువు అన్నీ కలవాలి. డొమైన్ లక్షణం లేని కుకీ, దాన్ని ఇచ్చిన హోస్టుకు మాత్రమే వెళ్తుంది. లాగిన్‌ను లోకల్‌హోస్ట్ పేరుతో చేసి తరవాతి పిలుపును 127.0.0.1కు పంపితే రెండూ ఒకే యంత్రమైనా కుకీ వెళ్లదు. సర్వరును ఒకచోట చిన్న పేరుతో, మరోచోట పూర్తి డొమైన్ పేరుతో పిలిచినా అంతే. పోర్టు సంఖ్యను మాత్రం కుకీలు పట్టించుకోవు. అందుకే ఒకే యంత్రంలో 8080 మీద, 9090 మీద రెండు టామ్‌క్యాట్‌లు ఒకే పాత్‌తో నడుస్తుంటే వాటి జేసెషన్‌ఐడీ సెషన్ కుకీలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి.

పాత్ దగ్గర దెబ్బతినేవారు ఎక్కువగా గేట్‌వేల వెనక ఉంటారు. టామ్‌క్యాట్ తన కుకీకి అప్లికేషన్ కాంటెక్స్ట్ పాత్‌నే పెడుతుంది. లోపల /బిల్లింగ్ అని ఉన్న అప్లికేషన్‌ను గేట్‌వే బయటికి /ఏపీఐ/వీ2 అని చూపిస్తే, క్లయింటుకు వచ్చే కుకీ పాత్ ఇంకా /బిల్లింగ్ అనే ఉంటుంది. క్లయింటు దాన్ని బుద్ధిగా దాచుకుంటుంది, ఎప్పటికీ పంపదు. ఎన్‌జింక్స్‌లో ప్రాక్సీ_కుకీ_పాత్, అపాచీలో ప్రాక్సీపాస్‌రివర్స్‌కుకీపాత్ ఈ తేడాను సరిచేయడానికే ఉన్నాయి.

సెక్యూర్ గుర్తున్న కుకీ హెచ్‌టీటీపీ చిరునామాకు వెళ్లదు. లోడ్ బ్యాలెన్సరు దగ్గరే హెచ్‌టీటీపీఎస్ ముగిసే ఏర్పాట్లలో, లోపలి క్లయింటు నేరుగా మామూలు హెచ్‌టీటీపీతో సర్వరును పిలిస్తే కుకీ జార్‌లోనే ఆగిపోతుంది. సెక్యూర్‌ను తీసేయడం సులువైన పరిష్కారంలా కనిపిస్తుంది, కానీ అది ప్రమాదకరం. 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ విడుదల చేసిన ఫైర్‌షీప్ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్, బహిరంగ వైఫైలో గుప్తీకరణ లేకుండా తిరిగే సెషన్ కుకీలను ఎవరైనా ఒక్క క్లిక్కుతో ఎలా దొంగిలించవచ్చో చూపించింది. లోపలి పిలుపును కూడా హెచ్‌టీటీపీఎస్ చేయడమే మేలు.

గడువు విషయంలో క్లయింటు గడియారం తప్పుగా ఉంటే ఎక్స్‌పైర్స్‌తో వచ్చిన కుకీ పుట్టగానే చచ్చిపోతుంది. మ్యాక్స్-ఏజ్ సెకన్లలో ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. రెండూ ఉంటే మ్యాక్స్-ఏజ్‌దే పైచేయి. ఎక్స్‌పైర్స్‌తో మరో తంటా దాని తేదీలోని కామా. మామూలుగా ఒకే పేరుతో వచ్చిన హెచ్‌టీటీపీ హెడర్లను కామాతో కలిపేయవచ్చు. సెట్-కుకీని అలా కలిపితే ఏ కామా తేదీదో, ఏది రెండు కుకీల మధ్యదో తెలియదు. డాట్‌నెట్ పాత క్లాసుల్లో హెడరును పేరుతో అడిగితే కలిపిన వాక్యమే చేతికొస్తుంది. జావాలో గెట్‌హెడర్‌ఫీల్డ్ అని అడిగితే అనేక సెట్-కుకీలలో చివరిది మాత్రమే వస్తుంది. లోడ్ బ్యాలెన్సరు తన కుకీని చివర చేర్చిన రోజున, అంతవరకు బాగా నడిచిన కోడు జేసెషన్‌ఐడీని పోగొట్టుకుంటుంది. అపాచీ హెచ్‌టీటీపీక్లయింట్ 4 శ్రేణిలో లాగ్‌లో కనిపించే "ఇన్‌వాలిడ్ కుకీ హెడర్" హెచ్చరికకు కూడా తరచుగా ఎక్స్‌పైర్స్ తేదీ రూపమే కారణం, 4.4 నుంచి వచ్చిన స్టాండర్డ్ కుకీ స్పెక్‌ను ఎంచుకుంటే అది పోతుంది.

సర్వరు వైపు

కుకీ సక్రమంగా వెళ్లినా సెషన్ దొరకని సందర్భాల్లో మొదట చూడాల్సింది గడువులు. టామ్‌క్యాట్ డిఫాల్టు 30 నిమిషాలు, ఏఎస్‌పీ డాట్‌నెట్‌ది 20 నిమిషాలు, పీహెచ్‌పీలో సెషన్ డేటాను చెత్తగా లెక్కించే గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. ఐఐఎస్ అప్లికేషన్ పూల్ డిఫాల్టుగా 1740 నిమిషాలకు ఒకసారి రీసైకిల్ అవుతుంది; సెషన్లు ఆ ప్రాసెస్ మెమరీలో ఉంటే దానితోపాటే పోతాయి. 1740 నిమిషాలంటే 29 గంటలు. అందుకే ఆ లోపం రోజూ ఒకే వేళకు రాదు, రోజుకు ఐదు గంటలు జరుగుతూ వస్తుంది, కారణం అంతుచిక్కదు.

అనేక నోడులున్న చోట సెషన్లను రెడిస్ లాంటి ఉమ్మడి నిల్వలో పెట్టాలి, లేదా ఒక క్లయింటును ఒకే నోడుకు పంపే ఏర్పాటు ఉండాలి. ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లో లాగిన్ కుకీని గుప్తీకరించే తాళాలను నోడులన్నీ పంచుకోవాలి. ఒక నోడు రాసిన కుకీని మరొకటి చదవలేకపోతే అది లాగిన్ లేనట్టే. లాగిన్ అయిన వెంటనే సెషన్ ఐడీని మార్చే అలవాటు కూడా సర్వర్లకు ఉంది. సెషన్ ఫిక్సేషన్ దాడులను అడ్డుకోవడానికి స్ప్రింగ్ సెక్యూరిటీ డిఫాల్టుగా ఆ పని చేస్తుంది. లాగిన్‌కు ముందు వచ్చిన ఐడీని వేరియబుల్‌లో దాచి అదే వాడుతూ పోయే క్లయింటు అక్కడ దెబ్బతింటుంది.

ఎవరి కంటా పడని లోపం మరొకటుంది: ప్రతి పిలుపుకూ లాగిన్ వివరాలు పంపుతూ, వచ్చిన కుకీని పారేసే క్లయింటు. పని జరిగిపోతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు. సర్వరు మాత్రం ప్రతిసారీ కొత్త సెషన్ తెరుస్తుంది. సెకనుకు 10 పిలుపులు, 30 నిమిషాల గడువు అనుకుంటే ఎప్పుడు చూసినా 18,000 సెషన్లు మెమరీలో బతికి ఉంటాయి. చివరికి మెమరీ నిండిన సర్వరు కూలుతుంది, దోషం దాని మీద పడుతుంది. దీనికి భిన్నంగా, ఒకే సెషన్‌ను పది థ్రెడ్లు పంచుకుంటే పని నెమ్మదిస్తుంది. పీహెచ్‌పీ సెషన్ ఫైలుకు, ఏఎస్‌పీ డాట్‌నెట్ సెషన్‌కు తాళం వేస్తాయి కాబట్టి సమాంతరంగా పంపిన రిక్వెస్టులు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి.

బ్రౌజరే క్లయింటు అయినప్పుడు

జావాస్క్రిప్టు కోడు వేరే ఆరిజిన్‌లోని సర్వీసును పిలిచేటప్పుడు ఫెచ్‌లో క్రెడెన్షియల్స్‌ను ఇన్‌క్లూడ్ అని, ఎక్స్‌ఎంఎల్‌హెచ్‌టీటీపీరిక్వెస్ట్‌లో విత్‌క్రెడెన్షియల్స్ ట్రూ అని పెట్టాలి. సర్వరు యాక్సెస్-కంట్రోల్-అలవ్-క్రెడెన్షియల్స్ పంపాలి, అనుమతించే ఆరిజిన్ దగ్గర * పెట్టకూడదు. ఇవన్నీ కలిసినా సెట్-కుకీ హెడరు జావాస్క్రిప్టుకు కనిపించదు. బ్రౌజరు దాన్ని దాచేస్తుంది. కనిపించలేదు కాబట్టి రాలేదని అనుకోకుండా డెవలపర్ టూల్స్‌లో చూడాలి. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80, సేమ్‌సైట్ చెప్పని కుకీలను లాక్స్‌గా లెక్కించడం మొదలుపెట్టింది. కోవిడ్ రోజుల్లో అత్యవసర వెబ్‌సైట్లు ఆగిపోకూడదని ఏప్రిల్‌లో వెనక్కి తగ్గి, జూలైలో మళ్లీ మొదలుపెట్టింది. వేరే సైటు నుంచి పిలవాలంటే కుకీకి సేమ్‌సైట్=నన్, దానితోపాటు సెక్యూర్ ఉండాలి. ఐఓఎస్ 12లోని సఫారీ మాత్రం నన్‌ను స్ట్రిక్ట్‌గా అర్థం చేసుకునేది.

వెతికేటప్పుడు జాగ్రత్తలు

బతికున్న సెషన్ కుకీ పాస్‌వర్డుతో సమానం, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ. ఓటీపీ దశ దాటాక పుట్టింది కాబట్టి మళ్లీ ఓటీపీ అడగదు. లోపం వెతకడానికి తీసిన లాగ్‌లు, బ్రౌజరు నెట్‌వర్క్ రాకపోకలను రికార్డు చేసే హార్ ఫైళ్లు ఈ కుకీలను మోసుకుపోతాయి. 2023లో ఓక్టా సంస్థ మద్దతు విభాగపు వ్యవస్థలోకి చొరబడినవారు, ఖాతాదారులు సమస్య వివరించడానికి పంపిన హార్ ఫైళ్లలోంచే సెషన్ టోకెన్లను తీసుకున్నారు. లాగ్‌లో ఐడీ మొత్తం రాయనక్కర్లేదు. దాని హ్యాష్‌లో మొదటి కొన్ని అక్షరాలు రాస్తే రెండు రిక్వెస్టులు ఒకే సెషన్‌వో కావో తెలుస్తుంది, ఆ లాగ్ ఎవరి చేతికి చిక్కినా కుకీ చిక్కదు.

కొత్తగా కట్టే సర్వీసుల్లో కుకీ బదులు ఆథరైజేషన్ హెడరులో టోకెన్ పెట్టే పద్ధతి స్థిరపడింది; 2012 అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6750 బేరర్ టోకెన్ల వాడకాన్ని నిర్దేశించింది. టోకెన్‌కు పాత్, డొమైన్ పేచీలు లేవు, జార్ అక్కర్లేదు. పాత సర్వీసులతో మాత్రం కుకీ మీదే కాపురం చేయాలి. అక్కడ క్లయింటు లాగిన్‌ను ఒకే చోట ఉంచి, వినియోగదారుకు ఒక జార్ చొప్పున ఇచ్చి, సెషన్ చెల్లలేదన్న జవాబు వస్తే ఒక్కసారి మాత్రం మళ్లీ లాగిన్ అయి అదే పిలుపును తిరిగి పంపేలా రాయాలి. ఒక్కసారి అన్న హద్దు లేకపోతే పాస్‌వర్డు మారిన రోజున క్లయింటు ఆగకుండా తలుపు తట్టి ఖాతాను లాక్ చేయిస్తుంది. అనేక థ్రెడ్లు ఒకేసారి గడువు తీరడాన్ని గమనిస్తే ఒక్కటే లాగిన్ కావాలి, మిగతావి దానికోసం ఆగాలి. పని ముగిశాక లాగౌట్ పిలవాలి. వీస్ఫియర్ లాంటి చోట్ల పిలవకపోతే ఆ సెషన్ ఖాళీగా ఉండే గడువు తీరేదాకా సర్వరులో చోటు ఆక్రమించి కూర్చుంటుంది.